తలుపు మీది పేరు

అక్కా, ఇట్ల కూర్చో. చాయ్‌లో అల్లం కొంచెం ఎక్కువే వేసిన, ఎందుకంటే ఇవాళ్టి ముచ్చట పొడుగు. మధ్యలో నా మీద నాకే కోపమొస్తది. అప్పుడు నువ్వేం సర్దిచెప్పకు, విను చాలు.

సెలవులకు హైదరాబాద్ నుంచి వచ్చిన మా అమ్మాయి ఒక రాత్రి ఫోన్లో సినిమా పెట్టింది. 2021లో వచ్చిందట, అయినా రంగుల్లేవు, నలుపూ తెలుపే. పేరు ‘పాసింగ్’. ‘పాసింగ్ అంటే పరీక్ష పాసవడమా?’ అన్న. ‘అట్లాంటిదే అమ్మా, కానీ ఆ పరీక్ష రోజూ రాయాలె’ అంది. నల్లజాతిలో పుట్టిన మనిషి ఒంటిరంగు తేటగా ఉంటే, ఊరు మారి, చుట్టాలను వదిలి, తెల్లవాళ్ల మధ్య తెల్లమనిషిగా బతకడాన్ని అమెరికాలో ఆ మాటతో పిలుస్తరు. అక్కడ ఒకప్పుడు చాలా రాష్ట్రాల్లో ఒక్క చుక్క నల్లరక్తం ఉన్నా నల్లవాళ్ల కిందే లెక్క. హోమర్ ప్లెసీ అనే ఆయన ఎనిమిది పాళ్లలో ఏడు పాళ్లు తెల్లవాడు. తెల్లవాళ్ల రైలుపెట్టెలో కూర్చున్నందుకు 1892లో అరెస్టయిండు. ‘నేను నల్లవాడినే’ అని తనే చెప్పుకుంటే తప్ప ఆయన్ను ఎవరూ గుర్తుపట్టే పరిస్థితి లేదు. పట్టుబడాలని కావాలనే ఎక్కిండు. 1896లో సుప్రీంకోర్టు ఆయనకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది.

సినిమా అయినంక నిద్ర పట్టలే. నవల కూడా తెప్పించుకుని చదివిన. నెల్లా లార్సన్ 1929లో రాసింది. ఆమె 1891లో షికాగోలో పుట్టింది. తల్లి డెన్మార్క్ నుంచి వచ్చిన తెల్లామె, తండ్రి కరీబియన్ దీవులాయన. తల్లి మళ్లీ ఒక తెల్లాయన్ను చేసుకుంది. అంటే ఆ ఇంట్లో రంగున్న పిల్ల ఈమె ఒక్కతే. పెద్దయినంక నర్సుగా చేసింది, లైబ్రరీలో చేసింది, రెండు నవలలు రాసింది, తర్వాత రాయడం మానేసి మళ్లీ నర్సు ఉద్యోగానికే పోయింది. 1964లో చనిపోయేనాటికి ఆమె ఒకప్పుడు రచయిత్రి అన్న సంగతే లోకం మర్చిపోయింది. సినిమా తీసిన రెబెకా హాల్ అమ్మ వైపు తాత కూడా అట్లా తెల్లవాడిగా చలామణీ అయినాయనేనట.

కథ చిన్నదే. ఐరీన్, క్లేర్ చిన్ననాటి స్నేహితులు. ఇద్దరిదీ తేటరంగే. ఎండలు మండే రోజున షికాగోలో తెల్లవాళ్లు మాత్రమే పోయే హోటల్ మిద్దె మీద ఐరీన్ చల్లగా టీ తాగుతుంటే, పక్క టేబుల్ ఆమె ఒకటే చూస్తుంటది. ‘నన్ను గుర్తుపట్టిందా, లేపి పంపిస్తరా’ అని ఐరీన్ గుండె దడదడ. తీరా చూస్తే ఆమె క్లేర్! తెల్లవాడిని చేసుకుని, కూతుర్ని కని, తెల్లామెగా బతుకుతున్నది. మొగుడికి తెల్వదు. ఆయనకు నల్లవాళ్లంటే అసహ్యం.

నాకు క్లేర్‌లో మా నేస్తమే కనిపించింది అక్కా. పేరు చెప్పను. చెప్తే ఆమె ముప్పయ్యేళ్లుగా కట్టుకున్నది కూలిపోతది.

మాది టేకులపల్లి మండలంలో ఒక తాండా. ఇల్లందు నుంచి కొత్తగూడెం పోయే బస్సు దిగి లోపలికి నడవాలె. చుట్టూ కోయగూడేలు, లంబాడా తాండాలు. ఆమె భూక్యా వాళ్ల పిల్ల. మా ఇంటిపేరు నువ్వు ఎరిగిందే. ఇల్లందు హాస్టల్లో ఇద్దరికీ కలిపి ఒక్కటే ట్రంకుపెట్టె. నెలకోసారి మా అమ్మలు జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం మూటగట్టుకుని వచ్చేవాళ్లు. పేటియా, కాంచళి, వాటి నిండా అద్దాలు, గవ్వలు, చేతులకు మోచేతి పైదాకా గాజులు. వాళ్లు గేటు దగ్గరికి రాకముందే చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు వినగానే మా నేస్తం పోయి బాత్రూంలో దాక్కునేది. నేను మాత్రం ‘యాడీ!’, అంటే అమ్మా, అని పరిగెత్తుకుంటూ గేటు దగ్గరికి పోయేదాన్ని. ఇది గుర్తుపెట్టుకో, దీని సంగతి తర్వాత చెప్త.

ఆమె మంచి తేటరంగు, కోలముక్కు, పిల్లికళ్లు. పీజీకి హైదరాబాద్ పోయినప్పుడు రూమ్మేట్లు ‘మీరు మార్వాడీలా?’ అన్నరట. మొదటిసారి నవ్వి ఊరుకుంది. మా వాళ్లలో భూక్యా అంటే రాథోడ్ పాయ. తాండాల పెద్దలను అడిగితే చెప్తరు, వడ్త్యా అంటే జాదవ్ అని. మరి రాథోడ్ అని పేరు పెట్టుకుంటే అబద్ధమాడినట్టా? కాదు కదా. అది నిజంగా వాళ్ల పాయ పేరే. కానీ సికింద్రాబాద్‌లో ‘భూక్యా’ అంటే తాండా కనిపిస్తది, ‘రాథోడ్’ అంటే రాజస్థాన్ కోట కనిపిస్తది. నిజం చెప్తూనే అబద్ధంలోకి నడిచిపోయే దారి అట్ల దొరికింది ఆమెకు. సర్టిఫికెట్లో భూక్యా, తలుపు మీద రాథోడ్.

పెళ్లి రిజిస్టరాఫీసులో అయింది. అబ్బాయికి అంతా తెలుసు. అత్తమామలకు మాత్రం ‘రాజస్థాన్ వైపు రాజపుత్రులు, అమ్మానాన్న లేరు’ అని చెప్పిండు. అప్పటికి అమ్మానాన్న ఇద్దరూ తాండాలో బతికే ఉన్నరు, పత్తి ఏరుకుంటూ. మా దగ్గర పెళ్లికూతురు అత్తింటికి పోయేటప్పుడు తల్లి మెడను, నేస్తాల మెడలను పట్టుకుని రాగం తీసి ఏడుస్తది. దాన్ని ఢావ్లో అంటం. రమేశ్ కార్తీక్ నాయక్ అనే మా పిల్లగాడు తన కథల పుస్తకానికి ఆ పేరే పెట్టిండు. 2024లో దానికి సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. మా నేస్తం నా మెడ పట్టుకుని ఏడవలే. రిజిస్టరాఫీసులో సాక్షి సంతకం పెట్టి, ఒక కూల్‌డ్రింక్ తాగి, నేను బస్సెక్కిన.

నవల చదివినోళ్లందరికీ ఒక సీను గుర్తుండిపోతది. క్లేర్ పిలిస్తే ఐరీన్ టీకి పోయి కూర్చుంటది. మొగుడొచ్చి భార్యను నల్లవాళ్లను తిట్టే మాటతో ముద్దుగా పిలుస్తడు, రోజురోజుకూ నల్లబడుతున్నవని పరాచికం. వాళ్ల జాతంటే తనకెంత ఏవగింపో కూడా చెప్తడు. ఆ గదిలో ఉన్న ఆడవాళ్లంతా ఆ జాతే. ఐరీన్‌కు నవ్వొస్తది. ఆపుకోలేనంత నవ్వు.

నేను కూర్చున్నది గృహప్రవేశంలో. కూకట్‌పల్లి వైపు అపార్ట్‌మెంటు, ఐదో అంతస్తు. నన్ను ‘చిన్నప్పటి క్లాస్‌మేట్, టీచరు’ అని పరిచయం చేసింది. అత్తగారు మంచిదే, నిజంగా. నాకు రెండోసారి పులిహోర వడ్డించింది. వడ్డిస్తూ, బాల్కనీలో గిన్నెలు తోముతున్న మనిషిని గడ్డంతో చూపించి, ‘లంబాడిది. పని బాగానే చేస్తది గానీ వంటింట్లోకి రానియ్యను. ఎంతైనా వాళ్ల తీరు వేరు కదా టీచరుగారూ’ అంది. మా నేస్తం ఫిల్టర్‌లోంచి కాఫీ వంచుతున్నది. చెయ్యి వణకలే. ఒక్క చుక్క కింద పడలే. నేను ‘ఊఁ’ అన్న అక్కా. నవ్వు రాలే నాకు. పులిహోర బాగుందని చెప్పిన.

బస్సులో వస్తున్నంతసేపూ ఆమెనే తిట్టుకున్న. అమ్మను చంపుకున్నది, భాషను చంపుకున్నది అని. నన్ను నేను ఒక్క మాట అనుకోలే. నవలలో ఐరీన్‌ది కూడా అదే వరస. క్లేర్‌కు సిగ్గులేదంటది, జాతికి ద్రోహమంటది. మరి ఆ రోజు హోటల్ మిద్దె మీద టీ తాగింది ఎవరు? తనూ ఆ మధ్యాహ్నం తెల్లామెగానే కూర్చుంది. ఎండకు తట్టుకోలేక, ఒక్క పూటకు. ఒక్క పూట దాటితే తప్పు కాదు, జీవితమంతా దాటితే తప్పు. ఈ కొలత ఎవరు పెట్టిన్రు?

ఇందాక హాస్టల్ గేటు సంగతి చెప్పిన కదా. అందులో ఒక అబద్ధముంది. యాడి కోసం పరిగెత్తిన మాట నిజమే. కానీ ఎందుకు పరిగెత్తిన్నో తెలుసా? ఆమెను గేటు లోపలికి రానియ్యకుండా, చింతచెట్టు అవతలికి తీసుకుపోవడానికి. అద్దాల చప్పుడు క్లాసుదాకా వినబడకుండా. మా నేస్తం దాక్కున్నది, నేను అమ్మను దాచిన. తేడా అంతే.

ఇప్పటికీ అంతే. కొత్తగూడెం బస్సులో యాడి ఫోన్ చేస్తే నా గొంతు దానంతటదే తెలుగులోకి పోతది. మాలో మేము గోర్, బయటివాళ్లు కోర్. బస్సు నిండా కోర్ ఉంటే నోట్లో గోర్‌బోలి రాదు. సిగ్గుపడుతున్న అని అనుకోను. అలవాటు అనుకుంట.

ఇంకో తమాషా ఉంది. మేం ఎవరమన్నది మా చేతిలో ఉంటే కదా! 1976 చట్టం దాకా తెలంగాణలో లంబాడాలు ఎస్టీలు కారు, ఆంధ్రలో మాత్రం ఉన్నరు. నేను ఇదే పేటియా కట్టుకుని, ఇదే భాష మాట్లాడుకుంటూ నాందేడ్‌లో దిగితే విముక్త జాతి, కర్ణాటకలోకి దాటితే ఎస్సీ. తెల్లదొరలు 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టంలో కొన్ని చోట్ల మా వాళ్లను పుట్టుదొంగల కింద రాసిన్రు. 1952 దాకా ఆ మచ్చ తుడవలే. ఒక మనిషికి ఇన్ని కాగితాలు. ఇన్ని పేర్లు పెట్టినోళ్లను ఎవరూ అడగరు, ఒక పేరు మార్చుకున్న పిల్లను మాత్రం ద్రోహి అంటం.

ఇదే మాట స్టాఫ్‌రూంలో మా కోయ టీచరమ్మ ముందు గొప్పగా చెప్పిన. ఆమె బాక్స్ మూత పెట్టి, మెల్లగా అంది: ‘అది సరే మేడం. మా గూడెమోళ్లు మీ గురించి ఏమనుకుంటరో తెలుసా? మీరే మా పేరు మీద చలామణీ అవుతున్నరని.’ 2017లో ఆదిలాబాద్ నుంచి మొదలై ఇక్కడిదాకా వచ్చిన గొడవ నీకు గుర్తుండే ఉంటది, లంబాడాలను ఎస్టీ జాబితాలోంచి తీసెయ్యాలని. ఏజెన్సీ బళ్లలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో 3 వచ్చింది. నా ఉద్యోగం దాని చలవే. 2020లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, అప్పటికే ఇచ్చిన కొలువులు మాత్రం తియ్యలే. ఆ కొలువుల్లో కోయలకెన్ని, మాకెన్ని అని ఆమె అడగలే. బాక్స్ కడుక్కోవడానికి పోయింది. నేను జవాబు వెతుక్కున్న, దొరకలే. ఇప్పటికీ కలిసే తింటం. ఆ ముచ్చట మళ్లీ రాలే.

టోనీ మారిసన్ 1983లో ఒక కథ రాసింది, ‘రెసిటాటిఫ్’. అనాథాశ్రమంలో ఒక గదిలో ఉండే ఇద్దరు ఆడపిల్లలు, ఒకతె తెల్లది, ఒకతె నల్లది. ఎవరు ఏ జాతో కథ చివరిదాకా చెప్పదు. చదివే మనమే వాళ్ల తిండిని బట్టి, జుట్టును బట్టి, అమ్మలను బట్టి తేల్చుకోబోయి, మన బుద్ధిని మనమే చూసుకుంటం. తెలుగులో అట్లా ఒకటి రాద్దామని ఒక ఆదివారం కూర్చున్న. ఇద్దరు పిల్లలు, ఒక ట్రంకుపెట్టె. అక్కా, అర పేజీ నడవలే! తల్లిని ఏమని పిలిచిందో రాస్తే దొరికిపోతది. టిఫిన్‌లో కూరేదో రాస్తే దొరికిపోతది. ‘వచ్చింది’ అన్నదా ‘వచ్చినాది’ అన్నదా అన్నదాన్ని బట్టి దొరికిపోతది. ఊళ్లో ఇల్లు ఏ దిక్కునుందో రాస్తే ఇక చెప్పేదే లేదు. ఒంటిరంగు దాచడం కంటే మన దగ్గర నోరు దాచడం కష్టం. అమెరికాలో ఉన్న మా తమ్ముడు అంటడు, అక్కడ తెలుగోళ్లు కొత్తగా కలిస్తే రెండో ప్రశ్న ‘మీ ఇంటిపేరు?’ అట. మొదటిది వీసా గురించి.

మళ్లీ నవలకొస్త. అందులో నన్ను భయపెట్టింది క్లేర్ చావు కాదు. దానికి ముందు ఒక చిన్న సంగతి. ఐరీన్ నల్లరంగు స్నేహితురాలి చెయ్యి పట్టుకుని రోడ్డు మీద పోతుంటే క్లేర్ మొగుడు ఎదురొస్తడు. చూస్తడు. ఆయనకు అర్థమైపోతది. ఐరీన్ ఆ సాయంత్రమే క్లేర్‌కు చెప్పొచ్చు, ‘నీ మొగుడికి అనుమానం వచ్చింది, జాగ్రత్త’ అని. చెప్పదు. తన భర్త మనసు క్లేర్ మీదికి పోయిందని కుళ్లు. పైకి మాత్రం స్నేహం. ఆ తర్వాత ఒక విందులో మొగుడు మీదికి వస్తడు, క్లేర్ పై అంతస్తు కిటికీ దగ్గర నిలబడి ఉంటది, ఐరీన్ పరిగెత్తి ఆమె చెయ్యి పట్టుకుంటది, మరుక్షణం క్లేర్ కింద పడి ఉంటది. తోసిందా, జారిందా, దూకిందా? లార్సన్ చెప్పదు. ఐరీన్‌కు కూడా తెల్వదేమో.

రహస్యం దాచిపెట్టిన నేస్తం చేతిలో తాళంచెవి ఉంటది అక్కా. అది చేతిలో ఉన్నందుకు లోపల్లోపల ఒక సుఖం. నాకుండేది. ఆమె కారు కొన్నదని తెలిసిన రోజు, ఆమె కూతురు కాన్వెంటు యూనిఫాం ఫొటో పంపిన రోజు, ‘నేనొక్క మాటంటే’ అనుకునేదాన్ని. అనేదాన్ని కాదనుకో. అయినా అనుకునేదాన్ని. ఇప్పుడీ ముచ్చట రాయడం మాత్రం ఏంది? ఊరు మార్చిన, వీధి మార్చిన, కొంత కలిపిన, కొంత తీసేసిన. అయినా కిటికీ దగ్గర చెయ్యి వేసినట్టే ఉంది.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడొచ్చింది. పోయినేడు మా నేస్తానికి గర్భసంచి ఆపరేషనైతే చూడబోయిన. ఆమె నిద్రపోతున్నది, అత్తగారు గుడికి పోయింది. బాల్కనీలో గిన్నెలు తోమే ఆమె నన్ను చూసి, చేతులు కొంగుకు తుడుచుకుని, ‘రామ్ రామ్ బాయీ’ అంది. మాలో అక్కను అట్లా పిలుస్తం. నా కాళ్లు ఆగిపోయినయి.

‘నీకెట్ల తెలుసు?’ అన్న గోర్‌బోలిలో.

‘అమ్మగారు ఉతికిన బట్టలు లెక్కపెట్టేటప్పుడు పెదాల్లో అనుకుంటది: ఏక్, ది, తీన్. హిందీవాళ్లయితే దో అంటరు కదా. వచ్చిన రెండో నెలకే తెలిసింది. తెలిసి ఏడేళ్లయింది.’

ముప్పయ్యేళ్లలో ఇల్లు మార్చింది, కట్టు మార్చింది, పేరు మార్చింది. రెండు అనే అంకెను మార్చుకోవడం మర్చిపోయింది.

ఆమె ఇంకా చెప్పింది. ఒకసారి పెద్దామె, అంటే అత్తగారు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఈమెను పిలిచి, ఊరికే అడిగినట్టు అడిగిందట: ‘మీ భాషలో రెండును ఏమంటరే?’

‘ఏం చెప్పినవ్?’

‘దో అనే అంటం పెద్దమ్మా, అని చెప్పిన.’

ఎందుకట్ల చెప్పినవని నేను అడగలే. ఆమె కూడా చెప్పలే. తోమిన గిన్నెలు బుట్టలో బోర్లించి, వంటింటి గడప బయటే పెట్టింది. లోపలికి తీసుకుపోవాల్సింది వేరేవాళ్లు.

నవలలో ఐరీన్ ఇంట్లో జులీనా అని నల్లజాతి పనమ్మాయి ఉంటది. టీ తెస్తది, పళ్లేలు తీస్తది. ఐరీన్, క్లేర్ జాతి గురించి, ద్రోహం గురించి ఎన్నెన్ని మాట్లాడుకున్నా ఆ పిల్ల వాటి పక్కనుంచే అటూ ఇటూ పోతుంటది. ఆమె ఏమనుకున్నదో లార్సన్ రాయలే. మొదటిసారి చదివినప్పుడు నేనూ పట్టించుకోలే. రెండోసారి చదువుతూ ఆమె వచ్చిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టిన.

నేను తాళంచెవి పట్టుకుని మురిసిన. ఆమె అబద్ధమాడి కాపాడింది, దానికి ఆమెకు దక్కింది గడప బయటి జాగా. మా నేస్తానికి ఈ సంగతి చెప్పాలా వద్దా అని నెల రోజులు ఆలోచించిన. చెప్తే పనామెను మాన్పించేస్తదని భయం. చెప్పకపోతే ఐరీన్‌నైపోతనని భయం. అత్తగారికి అనుమానమా, తెలుసా, తెలిసే ఊరుకున్నదా? ఒకవేళ తెలిసే ఊరుకుంటే, ఆ ఇంట్లో అందరూ అందరి దగ్గరా దాస్తున్నది ఏందక్కా? నువ్వైతే ఏం చేస్తవో చెప్పు. నేను ఇంకా చెప్పలే.

ఆ రోజు తిరుగు బస్సులో ఖమ్మం దాటినంక ఫోన్ మోగింది. యాడి. ఆమెకు చెవుడొచ్చి గట్టిగా అరుస్తది. ‘పోరి ఎట్లుంది? తిన్నదా? నా గురించి అడిగిందా?’ అని గోర్‌బోలిలో ఒకటే ప్రశ్నలు. మా నేస్తం అమ్మ చనిపోయినప్పటి నుంచి మా యాడి ఆమెకు కూడా యాడే కదా. పక్క సీట్లో ఒకామె ఒళ్లో సంచి పెట్టుకుని కునుకు తీస్తున్నది. బస్సులో పెద్దగా జనం కూడా లేరు.

‘బాగుందమ్మా. రేపు మాట్లాడుత’ అన్న తెలుగులో.

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత గొంతు తగ్గించి అడిగింది యాడి, ‘పక్కన ఎవరన్నా ఉన్నరా?’